ఉప్పు జట్టుకి మిలటరీ ట్రైనింగ్

ఇది మనుషులెవరూ చూడని సంగతి. చూసినా మాది కాదులే అని ఊరుకునేవాళ్ళు. కానీ పదిమందితో పని చేయించుకునే ప్రతివాళ్ళకీ ఇందులో ఎంతో కొంత భాగం ఉంది.

సముద్రం పక్కన ఉప్పుమడులున్నాయి. అక్కణ్ణుంచి ఒక పగలంతా నడిస్తే కొండలొస్తాయి. కొండల్లో ఉండే దుప్పులకీ, కణుజులకీ, అడవిదున్నలకీ ఏడాదికి సరిపడా ఉప్పు కావాలి. ఉప్పు నాకకపోతే వాటి ఒంట్లో సత్తువ నిలవదు. ఆ ఉప్పుని మోసుకెళ్ళి కొండగుహలో పోసేది మాచన్న జట్టు. మాచన్న అంటే మచ్చల ఎద్దు. దాని కింద ఆరు గాడిదలు. వీపుకి రెండు పక్కలా పెరికెలు, అంటే జంట సంచులు, వేలాడదీసుకుని అవి వరసగా నడిచేవి. మాచన్న మూపురం మీద కొంగ సింహాచలం కూర్చుని దారి చూసేది. ఈ మోతకి బదులుగా కొండ జంతువులు ఆ జట్టుకి కొండ కింద పచ్చిక వదిలేశాయి. దారిలో తినడానికి ఉలవలూ, ఎండు ఇప్పపూలూ ఇచ్చేవి.

మాచన్న చాలా మంచిది. మంచితనమే దాని ఇబ్బంది. ఎక్కడ ఆగాలి, ఎటు తిరగాలి, రేవు ఎప్పుడు దాటాలి, అన్నీ దాని బుర్రలోనే ఉండేవి. ఎవరికీ చెప్పేది కాదు. పోయినేడు దాని కాలికి ముల్లు గుచ్చుకుని రెండు రోజులు పడుకుంటే, జట్టు జట్టంతా పెరికెలు వీపున పెట్టుకుని రెండు రోజులూ దాని చుట్టూ నిలబడింది. ఈలోగా వాన వచ్చింది. ఉప్పు కరిగి గాడిదల కాళ్ళ మీంచి కారిపోయింది.

అందుకని ఈ యేడు అడవిదున్నల పెద్ద జంగయ్య తెగేసి చెప్పింది.

"మాచన్నా, నీ మీద కోపం లేదు. కానీ పోయినేడు మా దూడలు ఉప్పు లేక రాళ్ళు నాకాయి. మృగశిర కార్తె వచ్చేలోగా మూడు విడతల ఉప్పు గుహలో ఉండాలి. లేకపోతే ఏటి అవతలి గుర్రాలు మేం మోస్తామంటున్నాయి. పనీ వాటికే, పచ్చికా వాటికే."

ఆ మాట విని గాడిదల్లో పెద్దది సూరమ్మ ఆ పూట మేత ముట్టలేదు. ఈ జట్టులోకి రాకముందు అది చాకిరేవులో బట్టల మూటలు మోసింది. ఆ కర్ర తల్చుకుంటే ఇప్పటికీ దాని వీపు చురుక్కుమంటుంది.

"అన్నా, ఈ పచ్చిక పోతే మల్లీ రేవుకే పోవాల నాను," అంది సూరమ్మ.

"పోనివ్వనులే," అంది మాచన్న. ఎలా పోనివ్వదో దానికీ తెలీదు.

సరిగ్గా ఆ సమయంలో దిగింది నక్క చలపతి. మెడలో ఒక ఈల, నడుముకి ఎవరో పారేసిన తోలు బెల్టు. వస్తూనే ముందరి కాలు నుదుటికి ఆనించి సెల్యూట్ కొట్టింది. మాచన్నకి ఏం చెయ్యాలో తెలీక కొమ్ములూపింది.

"మాచన్నగారూ, మీ జట్టుని మూడు రోజులుగా గమనిస్తున్నాను. మీ దగ్గర బలముంది, ఓపికుంది. లేనిది ఒక్కటే. లీడర్‌షిప్!"

"అదెక్కడ దొరుకుద్ది బాబూ?" అంది సూరమ్మ.

"మిలటరీలో. నేను మూడేళ్ళు కంటోన్మెంటులో ఉండి వచ్చాను."

ఇది అబద్ధం కాదు. ఆ మూడేళ్ళూ చలపతి ఆఫీసర్ల వంటశాల వెనకున్న బొరియలో ఉంది. పారేసిన బొమికలు నాకుతూ, పొద్దున్నే మైదానంలో జరిగే కవాతు చూస్తూ కాలం గడిపింది. బయటినుంచి చూస్తే ఏం కనబడుతుందో అదంతా నేర్చుకుంది. లోపల ఏముంటుందో దానికి ఎవరూ చెప్పలేదు, అదీ అడగలేదు.

"మీకు ట్రైనింగ్ ఇస్తాను. జీతం అక్కర్లేదు. అధికారికి ఇచ్చే మర్యాద ఇస్తే చాలు," అంది చలపతి. అంటున్నప్పుడు దాని చూపు ఇప్పపూల బుట్ట మీద ఉంది.

మునిగిపోయేవాడికి ఎవరైనా చెయ్యి చాపితే ఆ చెయ్యి ఎవరిదని అడగడు కదా. మాచన్న సరేనంది.

మర్నాటినుంచి జట్టు స్వరూపమే మారిపోయింది. సావధాన్ అంటే నాలుగు కాళ్ళూ దగ్గర పెట్టాలి. విశ్రామ్ అంటే వెనక కాళ్ళు ఎడం చెయ్యాలి. ఆరు గాడిదలకీ ఆరు హోదాలొచ్చాయి. సూరమ్మ హవల్దారు అయింది. చిట్టచివర నడిచే ముసలి గాడిద నాయక్ అయి, ఆ సంతోషంలో రెండు రోజులు తోక దించలేదు. సెల్యూట్ కొట్టబోయి ఇద్దరు బోర్లాపడ్డారు. మొదట్లో అందరికీ సరదాగానే ఉంది, ఆ మాట దాచను.

ఆ తర్వాత నియమాలొచ్చాయి. ఎందుకు అని ఎవరూ అడగకూడదు. అధికారి ఎత్తులో ఉండాలి కాబట్టి చలపతి మాచన్న వీపెక్కి కూర్చుంటుంది. అధికారి ముందు తినాలి కాబట్టి ఇప్పపూల బుట్ట మొదట దాని ముందు పెట్టాలి. అది తిని, మూతి తుడుచుకుని, ఈల వేశాక మిగిలినవాళ్ళు. మిగిలేది ఉలవలు.

"మరి నానెక్కడ కూకోవాల?" అని అడిగింది సింహాచలం, తన చోటు పోయిందని.

"నువ్వు గూఢచారి విభాగం. చిట్టచివర ఉండాలి. ఏదైనా కనిపిస్తే గట్టిగా అరవకూడదు, అది క్రమశిక్షణ కాదు. నాయక్‌కి చెప్పు. నాయక్ హవల్దారుకి చెబుతాడు. హవల్దారు మాచన్నగారికి. ఆయన నాకు. ఎవరికి చెప్పినా ముందు సెల్యూట్."

"అంతమందికి సెప్పేలోగా..." అని కొంగ ఏదో అనబోతే చలపతి ఈల ఊదింది. ఈల మోగితే మాట ఆపాలి, అదీ ఒక నియమమే.

ఆ యేడే, చలపతి రావడానికి కొద్దిగా ముందు, జట్టులో కొత్తగా ఒక కంచరగాడిద చేరింది. మెడ మీద పాత పుండ్ల మచ్చలున్న ముసలిది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. వచ్చిన రోజున సూరమ్మ పలకరించింది.

"నీ పేరేటక్కా?"

"నూటపదకొండు."

"అది పేరేటి?"

"డెక్క మీద ఆ అంకె కాల్చి వేశారు. పిలిస్తే అదే పిలిచేవాళ్ళు."

"ఇంతకు ముందేటి సేసేదానివి?"

"కొండల్లో మోత మోశాను," అని అక్కడితో ఆపేసింది.

ట్రైనింగ్ రోజుల్లో కూడా నూటపదకొండు ఒక్క మాట అనలేదు. సావధాన్ అంటే అందరికంటే ముందు నిలబడేది, అంతే. చలపతికి అది బాగా నచ్చింది. దాన్ని చూసి నేర్చుకోండని మిగిలినవాటికి చెప్పింది కూడా.

మొదటి విడత బయల్దేరింది. ముందు మాచన్న, దాని మీద చలపతి, వెనక కాళ్ళు కలిపి నడుస్తున్న గాడిదలు. పొలాల గట్ల మీద ఉడతలు నిలబడి చూశాయి. చూడ్డానికి నిజంగానే బాగుంది.

మధ్యాహ్నానికి ఏరు వచ్చింది. రేవులో నీళ్ళు మోకాలి లోతు. జట్టు దిగుతుండగా చివర ఎగురుతున్న సింహాచలానికి ఎగువన ఎర్రగా ఏదో కదిలినట్టు కనిపించింది. కొండల్లో ఎక్కడో వాన పడి కొత్తనీరు వస్తోంది. పాత రోజులైతే మాచన్న చెవి దగ్గర ఒక్క అరుపు అరిచేది, అందరూ వెనక్కి వచ్చేసేవాళ్ళు. ఇప్పుడు పద్ధతి వేరు. అది ముసలి గాడిద ముందు వాలి రెక్క నుదుటికి ఆనించింది.

"నాయక్ గారూ, ఎగువన నీళ్ళొచ్చేత్తన్నాయి!"

ముసలి గాడిద ఆగి, తిరిగి సెల్యూట్ కొట్టి, మధ్యలో ఉన్న నాలుగు గాడిదల్ని దాటుకుంటూ సూరమ్మ దగ్గరికి నడిచింది. అక్కడ మళ్ళీ సెల్యూట్. సూరమ్మ అప్పటికి ఏటి మధ్యలో ఉంది. నీళ్ళలో సెల్యూట్ కొట్టడానికి ఒక కాలు ఎత్తింది.

అప్పుడే వచ్చి తగిలింది కొత్తనీరు.

మూడు కాళ్ళ మీద నిలబడ్డ గాడిద ఏట్లో ఏం ఆగుతుంది! సూరమ్మ పడిపోయింది. పక్కనున్న ఇంకో రెండు గాడిదలు నడుము దాకా మునిగి కేకలు పెట్టాయి. వరస మాత్రం ఎవరూ వదల్లేదు. వదలమని ఈల రాలేదు మరి. ఈల వెయ్యాల్సిన చలపతి మాచన్న కొమ్ములు కరుచుకుని కళ్ళు మూసుకుంది.

వరస వదిలింది ఒక్క నూటపదకొండే. నీళ్ళకి అడ్డంగా వెళ్ళి, సూరమ్మకి ఎగువన నాలుగు కాళ్ళూ నాటి నిలబడి, దాని పెరికె తాడు పళ్ళతో పట్టుకుంది. ప్రవాహం దాని పక్కటెముకలకి కొట్టుకుని చీలిపోతుంటే ఆ చాటున సూరమ్మ లేచింది. మిగిలినవి కూడా ఆ చాటునే ఒడ్డెక్కాయి. అందరూ బతికారు. మూడు పెరికెల ఉప్పు మాత్రం ఏట్లో కలిసిపోయింది.

కొండ మీద జంగయ్య ఖాళీ పెరికెల వైపు చూసి ఒకే మాట అంది. "ఇంకా రెండు విడతలే ఉన్నాయి మాచన్నా. మళ్ళీ ఇలా వస్తే నన్ను తప్పు పట్టకు."

తిరిగొచ్చాక చలపతి విచారణ పెట్టింది. తప్పు జరిగింది కాబట్టి శిక్ష పడాలి, తనకి పడకూడదు కాబట్టి ఇంకెవరికైనా పడాలి. ఇలాంటివి దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి నూటపదకొండుని మధ్యలోకి పిలిచింది.

"వరసలోంచి బయటికి వెళ్ళమని నీకు ఎవరు ఆర్డరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్."

"మిలటరీలో ఆర్డరు లేకుండా కదిలితే ఏం చేస్తారో తెలుసా?"

"తెలుసు సార్. ఒకసారి నా మెడలో పూలదండ వేశారు."

చలపతి నోట్లోంచి ఈల జారింది. "ఏ... ఏ మిలటరీలో?"

"కొండ ఫిరంగుల దళం. ఫిరంగిని ముక్కలుగా విప్పి మా వీపుల మీద కట్టేవాళ్ళు. పద్నాలుగేళ్ళు మోశాను."

జట్టంతా ఒక్కసారి దాని వైపు తిరిగింది. సూరమ్మ ముందుకొచ్చి దాని డెక్క మీదున్న అంకెని మొదటిసారి సరిగ్గా చూసింది.

"దండేటికేసారక్కా?" అని అడిగింది.

"మంచు కొండ మీద మా కెప్టెన్‌కి దెబ్బ తగిలి మాట పడిపోయింది. చెప్పేవాళ్ళు లేరు. కానీ ఆయన పొద్దున్నే అందరికీ చెప్పేశాడు, ఎక్కడికి వెళ్తున్నామో, ఎందుకు వెళ్తున్నామో. మా చెవుల్లో కూడా చెప్పేవాడు. అందుకని నేను ఫిరంగి చక్రంతో ముందుకి నడిచాను. నన్ను చూసి మిగిలినవాళ్ళు నడిచారు."

ఇప్పుడు నూటపదకొండు ఒక్క మాట అంటే చలపతి పని అయిపోయేది. కానీ అది పద్నాలుగేళ్ళు రకరకాల అధికారుల కింద పనిచేసిన జంతువు. నోరున్నవాణ్ణి వాదించి గెలవలేమనీ, పనిలో పెట్టి గెలవాలనీ దానికి తెలుసు.

"సార్ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు మాచన్నా," అంది మెల్లగా. "కాకపోతే సగమే చెప్పారు. మిగతా సగం చెప్పేందుకు టైం చిక్కలేదనుకుంటా. సగం పద్ధతి పాటించాం కాబట్టే మూడు పెరికెలు పోయాయి. రెండో విడతకి మొత్తం పాటిద్దాం. ఏమంటారు సార్?"

చలపతికి ప్రాణం లేచొచ్చింది. "అదే! అదే నేనూ చెబుదామనుకుంటున్నా! మిలటరీ పద్ధతి మొత్తం పాటించాల్సిందే. ఒక్క అక్షరం తగ్గకూడదు."

"అందరూ విన్నారుగా," అంది నూటపదకొండు.

"ఇన్నాం!" అన్నాయి గాడిదలు. సింహాచలం ముక్కు రెండుసార్లు టకటకలాడించింది.

రెండో విడత రోజు పొద్దున్నే బుట్టలొచ్చాయి. అలవాటు చొప్పున చలపతి ఇప్పపూల దగ్గర కూర్చుని బెల్టు వదులు చేసుకుంది. నూటపదకొండు వచ్చి దాని పక్కన సావధాన్‌లో నిలబడింది.

"సార్, మా దళంలో ముందు మూగజీవాలం తినేవాళ్ళం. తర్వాత జవాన్లు. ఆఖర్న ఆఫీసరు. మీరు కంటోన్మెంటులోనే ఉన్నారు కాబట్టి నాకంటే మీకే బాగా తెలుసు. అక్కడ అందరికంటే చివర తినేది ఎవరు?"

అక్కడ చివర తిన్నది చలపతే. ఆ మాట చెప్పడం ఎలా?

"ఆఫీసరే... ఆఫీసరే చివర," అంది చలపతి.

"సార్ చివర తింటారంట. రండి!" అని సూరమ్మ కేకేసింది. ఆరు గాడిదలూ వచ్చి బుట్టలో మూతులు పెట్టాయి. ఇన్నాళ్ళూ వట్టి ఉలవలు నమిలిన మూతులవి. చలపతి వంతు వచ్చేసరికి బుట్ట అడుగున రెండు పువ్వులూ, బోలెడు గాలీ ఉన్నాయి.

"అయిపోనాయి సార్," అంది ముసలి నాయక్, సెల్యూట్ కొడుతూ.

చలపతి మాచన్న వీపెక్కబోయింది.

"సార్, నడకలో మా కెప్టెన్ కూడా నడిచేవాడు. గుర్రం ఉన్నా ఎక్కేవాడు కాదు. పైనుంచి చూస్తే ఎవరు కుంటుతున్నారో తెలియదనేవాడు."

మాచన్న మూపురం మీదకి సింహాచలం ఎగిరొచ్చి కూర్చుంది. పాత చోటు చూసుకుని రెక్కలు సర్దుకుంది.

ఏటి దగ్గరికి వచ్చేసరికి చలపతి నాలుక బయటికి వచ్చింది. రేవులో నీళ్ళు తగ్గాయి కానీ, ఎక్కడ లోతుందో, ఎక్కడ మెరక ఉందో కొత్తనీరు వచ్చిపోయాక ఎవరికీ తెలియదు.

"ముందు ఆఫీసరు దిగి చూస్తాడు సార్. తర్వాత దళం," అంది నూటపదకొండు.

"నాకా... నాకు కొంచెం జలుబుగా ఉంది."

"ఒక్క అక్షరం తగ్గకూడదన్నారు," అని సింహాచలం గుర్తుచేసింది.

చలపతి దిగింది. మూడడుగుల్లో కడుపు దాకా, ఐదడుగుల్లో మెడ దాకా నీళ్ళొచ్చాయి. ఈల నీళ్ళు తాగి బుడబుడమంది. తోక ఒకటే పైకి కనబడుతూ ఎలాగో అవతలి ఒడ్డు పట్టుకుని ఎక్కింది. అది ఎక్కడ మునిగిందో చూసుకుని జట్టు దానికి పక్కగా, మెరక మీంచి హాయిగా దాటింది. నిజం చెప్పాలంటే ఆ ట్రైనింగ్ మొత్తంలో చలపతి వల్ల జట్టుకి కలిగిన ఉపకారం అదొక్కటే.

ఉప్పు మొత్తం గుహకి చేరింది. ఒక్క గల్లు కూడా తడవలేదు. జంగయ్య తలాడించింది. సాయంత్రం చలపతి ఒక బండ మీద వాలబోతే నూటపదకొండు మళ్ళీ వచ్చింది.

"ఇంకో రెండున్నాయి సార్. డెక్కలు చూడాలి. మా కెప్టెన్ మా డెక్కలూ, వీపులూ చూసి, రాయి ఉంటే తీసి, పుండు ఉంటే మందు రాసి గాని తన బూట్లు విప్పేవాడు కాదు."

"ఎనిమిది జంతువులకి ముప్ఫై రెండు డెక్కలా!" అని చలపతి ఏడుపు మొహం పెట్టింది. మాచన్న ముందుకి వచ్చింది. ట్రైనింగ్ మొదలయ్యాక నోరెత్తనిది ఇప్పుడు ఎత్తింది.

"నేను చూస్తాను. ఇది నా జట్టు," అంది.

మాచన్న ఒక్కో గాడిద దగ్గరికీ వెళ్ళి డెక్కలు వాసన చూసింది. ముసలి గాడిద వీపు మీద తాడు ఒరుసుకుని పుండు పడింది. ఇన్నేళ్ళూ దాని ముందు నడుస్తూ మాచన్న అది చూడనే లేదు. దానికి చాలా సిగ్గేసింది. పుండుని నాకి శుభ్రం చేసి, రేపటినుంచి ఆ పెరికె తను మోస్తానంది. ముసలి గాడిద కళ్ళు తుడుచుకుంది.

"రెండోది ఏంటి?" అని మాచన్న అడిగింది.

"అందరం గుండ్రంగా కూర్చోవాలి. హోదాలు పక్కన పెట్టాలి. ఎవరి తప్పు వాళ్ళు చెప్పాలి, ముందు పైవాడి నుంచి."

అందరూ చలపతి వైపు చూశారు. చలపతి బెల్టు సర్దుకుంది.

"నేను చేసిన తప్పు మిమ్మల్ని నమ్మడం," అంది చివరికి.

అప్పుడు మాచన్న ముందుకి జరిగింది.

"నా తప్పు చెబుతాను. దారి నా బుర్రలో దాచుకున్నాను. పోయినేడు నాకు ముల్లు గుచ్చుకుంటే మీరు ఎటూ కదల్లేకపోయారు. అది మీ తెలివితక్కువతనం అనుకున్నాను. నేనే చెప్పలేదు. ఆ తర్వాత మిమ్మల్ని నడిపే బాధ్యత ఈలకి అప్పజెప్పాను. అది ఇంకా పెద్ద తప్పు. సూరమ్మా, నువ్వు ఏట్లో పడిన పాపం నాదే."

"నాను కూడా తప్పు సేసాను అన్నా. ఏట్లో కాలెత్తకూడదని నాకు తెల్సు. తెల్సీ ఎత్తాను," అంది సూరమ్మ. దాని తర్వాత సింహాచలం, తర్వాత మిగిలినవి. చెప్పుకున్నకొద్దీ అందరికీ మనసు తేలికపడింది. గుండ్రంలో చలపతి కూర్చున్న చోటు ఎప్పుడు ఖాళీ అయిందో ఎవరూ గమనించలేదు. బండ మీద ఒక ఆకు, దాని మీద గోటితో గీసిన సంతకం లాంటి గీత ఉన్నాయి. "బదిలీ అయింది కాబోలు," అంది నూటపదకొండు.

మూడో విడత రోజు పొద్దున మాచన్న అందర్నీ పిలిచింది.

"రేపో ఎల్లుండో మృగశిర. సాయంత్రానికి వాన వచ్చేట్టుంది. ఉప్పు తడవకుండా గుహకి చేరాలి. చేరితే పచ్చిక మనది, లేకపోతే గుర్రాలది. నాకు తెలిసిన దారులు మూడున్నాయి, ఇవీ," అని నేల మీద డెక్కతో గీసి చూపించింది. "నాకేమైనా అయితే నాకోసం నిలబడకండి."

ఏటి దగ్గర మాచన్న ముందు దిగింది. అది అవతలి ఒడ్డెక్కిందో లేదో, ఏరు మళ్ళీ పొంగింది. మాచన్న అవతల, జట్టంతా ఇవతల. సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. హోరులో మాచన్న ఏం అరుస్తోందో వినబడలేదు.

గాడిదలు నూటపదకొండు వైపు చూశాయి. నూటపదకొండు సూరమ్మ వైపు చూసింది.

"నువ్వే సెప్పక్కా," అంది సూరమ్మ.

"నాకు మంచుకొండలు తెలుసు. ఈ ఏరు నీకు తెలుసు."

సూరమ్మ ఎగువకి ఒకసారి చూసింది. తర్వాత చెప్పింది. "ముందు ఆ తాటితోపులోకి పదండి. రాలిన తాటాకులు పెరికెల మీద కప్పండి, తాడుతో బిగించండి. సింహాచలం, నువ్వెగిరెల్లి, పొద్దున అన్న గీసినట్టు ఏరు మూడు పాయలయ్యే కాడ లోతెంతుందో సూసిరా. సెల్యూట్లు వద్దు, అరిసి సెప్పు!"

సింహాచలం ఎగిరి వెళ్ళి, ఎగువనుంచే గొంతు చించుకుని అరిచింది. "రెండు పాయల్లో మోకాలు లోతే! మూడోది కట్టంగా ఉంది, కానీ మజ్జిన బండుంది!"

జట్టు కోసు దూరం ఎగువకి నడిచింది. మొదటి పాయలోకి సూరమ్మ ముందు దిగింది. మూడో పాయలో నూటపదకొండు ఎగువన నిలబడి ప్రవాహాన్ని చీల్చింది. బండ పట్టుకుని ఒకదాని వెనక ఒకటి దాటాయి. వాన కొండని అందుకునేసరికి తాటాకుల మీద టపటపమని చప్పుడు, కింద ఉప్పు పొడిగా ఉంది. గుహ దగ్గరికి వీళ్ళే ముందు చేరారు. జట్టుని వెతుక్కుంటూ ఒడ్డు పొడవునా దిగువకి పరుగెత్తిన మాచన్న తడిసి ముద్దయి, ఆలస్యంగా వచ్చింది. గుహ నిండా తెల్లటి ఉప్పు, దాని ముందు ఆరు గాడిదలూ, నూటపదకొండూ.

"అన్నా, నీకోసం ఆగలేదు," అంది సూరమ్మ.

మాచన్న సూరమ్మ మెడని ఒకసారి నాకింది. జంగయ్య ఒక ఉప్పుగల్లు నాకి చూసింది. "పచ్చిక మీదే. ఈ యేడే కాదు, నేను బతికున్నన్నాళ్ళూ," అంది. దూడలు తోసుకుంటూ గుహలోకి పరిగెత్తాయి.

ఇక చలపతి సంగతి. పొంగు తగ్గాక అది ఏరు దాటి గుర్రాల దగ్గరికి వెళ్ళింది. పని పోయిందని గుర్రాలు దిగులుగా ఉన్నాయి. ఇలాంటి చోటే ట్రైనింగ్ బాగా అమ్ముడవుతుంది. చలపతి ఈల ఆరబెట్టుకుని, సెల్యూట్ కొట్టి, లీడర్‌షిప్ గురించి మొదలుపెట్టింది. చుక్కల గుర్రం చివరిదాకా శ్రద్ధగా వింది.

"చాలా బాగుందండీ. ఇవాళే చేరండి. మిలటరీ పద్ధతులన్నీ కొంగ సింహాచలం వచ్చి చెప్పింది. మేమందరం తినేశాం, ఇక మీరు తినొచ్చు. ఇదిగో బుట్ట. తిన్నాక, మా పాతిక గుర్రాల డెక్కలు చూద్దురుగాని. రేపు పొద్దున సుడిగుండం రేవు దాటాలి. ముందు మీరే."

చలపతి బుట్టలోకి తొంగి చూసింది. సుడిగుండం వైపు చూసింది. మెడలోని ఈల తీసి బుట్టలో పెట్టి, బెల్టు బిగించుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. దారిలో ఎవరికీ సెల్యూట్ కొట్టలేదు.

జట్టుని నడపాలనుకునేవాడు ఈల కొనుక్కునే ముందు, నీళ్ళలోకి ముందు దిగడం, తిండికి చివర కూర్చోవడం నేర్చుకోవాలి.